స్కానింగు బల్ల మీద పెళ్లిచూపులు

పలాసలోని ఒక ఆసుపత్రి స్కానింగు గది ఎదుట ఆనాడు వరుసగా ఆసీనులైనవారు: మా వదిన నీలమ్మ, ఆమె మనుమడు యువరాజుకు మేనమామ అయిన అసిరయ్య, ఆ పిమ్మట విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుణ్ణైన నేను. పెళ్ళికొడుకు యువరాజు నిలబడి ఉన్నాడు. మా ముగ్గురి చేతుల్లో టోకెన్లు, కడుపుల్లో నీళ్ళు. పొట్ట స్కానింగుకు మూత్రాశయం నిండి ఉండాలన్నది నియమం.

పెళ్ళికూతురు లోపల ఉంది. పేరు ఉషారాణి, ఒక కాంట్రాక్టు ఏజెన్సీ తరఫున అక్కడ స్కానింగు చేస్తుంది. ఏజెన్సీవారు సెలవివ్వరు, రేపు ఏ ఊరికి పంపుతారో చెప్పరు. రోగికి తప్ప ఆ గదిలోకి ప్రవేశం లేదు. అందుచేత పెళ్లిచూపులకు మేము రోగులుగా రావలసి వచ్చింది. కిడ్నీ జబ్బులకు పేరుబడ్డ మా ఉద్దానంలో కిడ్నీ పరీక్షకు వస్తే ఎందుకని ఎవరూ అడగరు.

యువరాజుకూ ఆమెకూ తొలి పరిచయమూ మునుపొకసారి ఆ గుమ్మంలోనే జరిగింది. అప్పుడు నిజంగానే పరీక్షకు తెచ్చిన నీలమ్మను లోపలికి పంపే ముందు యువరాజు మర్యాదగా బాత్రూముకు తీసుకెళ్ళాడు.

"నీళ్ళన్నీ ఒగ్గేసి ఏటి స్కాన్ చెయ్యమంటారండీ? తాగించండి!" అని ఉషారాణి కసిరింది. కంగారులో బాటిలంతా అతడే తాగేశాడు. ఆమె నవ్వింది. అంతే.

కంచిలిలో కొబ్బరి రైతైన ఆమె తండ్రి సమ్మతించాడు. మా ఇళ్ళలో మాత్రం మేనమామ చూసి సరేననిదే ముహూర్తం పెట్టరు. అసిరయ్య ఆ సాయంత్రమే గుజరాత్ చేపల బోట్లలో పనికి రైలెక్కుతున్నాడు. ఆరు నెలలదాకా రాడు.

"తోటలోళ్ళ గుంట. మనింట్లో సేపల కంపు ఓర్సుకుంటాదా మావా?" అన్నది పిల్ల విషయంలో అతని ఏకైక సందేహం.

ముందు నీలమ్మ వెళ్ళి వచ్చింది. "మరిదీ, గుంట బంగారం!" అంటూనే ఆగకుండా పరుగెత్తింది. మిగిలిన ప్రశంస బాత్రూము తలుపు వెనుక నుంచి వినిపించింది.

తరువాత అసిరయ్య వెళ్ళాడు. మరుక్షణం కేక.

"మావా! పిల్లకి మీసాలున్నాయేటి?"

ఈలోగా ఏజెన్సీవారు ఉషారాణిని వెనుక తలుపు గుండా టెక్కలికి బయలుదేరదీసి, ఆమె స్థానంలో ఢిల్లీరావు అనే యువకుణ్ణి పంపారు.

"పడుకోండి. రెండు నిమిషాల పని," అన్నాడతడు.

"నిన్ను సూడ్డానికి తాగలేదు బాబూ ఇన్ని నీళ్ళు! ఆ గుంట వచ్చీదాకా బల్ల దిగను, నీళ్ళూ ఒగ్గను."

"పోనీ ఓపాలి ఎల్లొచ్చీండి."

"ఎల్తే మల్లీ తాగాల. అవి దిగీలోగా నా రైలెల్లిపోద్ది!"

యంత్రం ఒక్కటే. వెనుక వరుసలోనూ అందరూ నిండినవారే. నా పరిస్థితిని ఇక్కడ వివరించడం అప్రస్తుతం.

యువరాజు వానలో పరుగెత్తి గేటు దగ్గర వ్యానుకు అడ్డం నిలిచాడు.

"ఉషా, దిగు! మావ బల్ల దిగడం లేదు!"

"ఎమర్జెన్సీయా?"

"ఆయనకీ, నాకూను. నువ్వెలిపోతే ఇంకో ఆర్నెల్లు ఆగడం నా వల్ల కాదు. నువ్వంటే నాకు... పేణం."

"ఈ మాట ముందు నువ్వు సెప్పాల గదా? మీ మావని పంపేవేటి!" అంటూ ఆమె వానలోకి దూకింది.

సంగతి విన్న ఢిల్లీరావు తానే టెక్కలి వ్యానెక్కాడు.

తడిసిన జుట్టుతోనే ఆమె పరికరం అందుకుంది. గది తలుపు మూయాలని ఎవరికీ తోచలేదు.

"ఊపిరి బిగబట్టండి, మావయ్యా."

"బిగబట్టడానికి ఇంకేటి మిగిలింది తల్లీ? ఒకటే మాట. మా ఇంటి నిండా ఎండుసేపలే. ఉండగలవా?"

"మావయ్యా, నవ్వించకండి, స్క్రీన్ మీద బొమ్మ కదిలిపోతంది. ఎండుసేపలకి బయపడితే మీవోడి పక్కన నిలబడగల్నా?"

అసిరయ్య నవ్వబోయి, ప్రమాదం గ్రహించి ఆపుకున్నాడు.

"ముహూర్తం పెట్టీండి మావా! అమ్మా, ఇంక నన్నొగ్గెయ్!"

కిడ్నీలు రెండూ భేషుగ్గా ఉన్నాయని ఆమె అతని వెనుక కేకవేసి చెప్పవలసి వచ్చింది. రైలు కూడా అతనికి అందింది.

తన శరీరం పెట్టిన తొందరకు లొంగక, మేనల్లుని కోసం బల్ల దిగకుండా శ్రీ అసిరయ్య చూపిన అసాధారణ నిగ్రహానికి, ఉభయ కుటుంబాల పక్షాన ఇందుమూలముగా కృతజ్ఞతలు సమర్పిస్తున్నాను.