మిర్చి ధరల చాటున

రెంటచింతల బస్టాండులో, తారు కరిగే ఎండలో, సోడాబండివాడి వేషంలో ఉన్న ఏజెంట్ బెంజిమిన్‌ను సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేశారు. అతను ఒరిగిపోతుంటే వడదెబ్బేమోనని జనం నీళ్లు తెచ్చారు.

మాచర్ల లాడ్జిలో నజీమా ఫోన్ మోగింది.

"పత్తి తడిసిందా?"

"ఆరబెట్టాం."

కోడ్ సరిపోయింది. చీఫ్ దేవానందం గొంతు తగ్గించాడు. "బెంజిమిన్ పోయాడు. విదేశీ ముఠా ఆర్డర్లన్నీ ఒక మిర్చి ధరల వెబ్‌సైట్‌లో దాస్తోందని పొద్దున చెప్పాడు. లింక్ పంపుతున్నా. అప్రూవర్‌గా మారిన ముఠా మనిషి హనుమంతరావును తెల్ల కారులో గురజాల కోర్టుకు తెస్తున్నారు. అతను నోరు విప్పకుండా ఏదో ప్లాన్ చేశారు. త్వరగా తేల్చు."

బెంజిమిన్‌తో నజీమా ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి. ఏడుపు మింగి లాప్‌టాప్ తెరిచింది.

మంచం మీద లిఖిత ఫోన్ చూసుకుంటోంది. ముఠాను వదిలి తమవైపు వచ్చిన డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తే బజారు బజారే ఆగి చూస్తుంది. ఇద్దరూ విత్తనాల కంపెనీ వాళ్లమని చెప్పి గది తీసుకున్నారు.

"ఏందక్కా ఆ నల్ల తెర? ఫోన్‌లో చూస్తే పోలా? ఉత్త మిర్చి రేట్లే."

టెర్మినల్‌లో నజీమా, వెబ్‌పేజీని ఉన్నదున్నట్టు తెచ్చే కర్ల్ కమాండ్ కొట్టి పేజీ మొత్తాన్నీ లాగింది. ఇంకో కమాండ్‌తో, బ్రౌజర్‌లో కనబడకుండా దాచిన ట్యాగుల్లోని మాటల్ని మాత్రం ఏరింది. పేజీ మారినప్పుడల్లా పట్టుకొచ్చేలా లూప్ పెట్టింది.

తెరమీద అక్షరాలు పడ్డాయి.

'తెల్ల కారు కింద పెట్టాం. ఇక్కడ కోత అని రాస్తే పేలుతుంది. కారు కోర్టు గేటు దాటాక రాయి.'

వెనక లిఖిత బొటనవేలు ఫోన్ మీద కదిలి ఆగడం నల్ల తెరలో నీడలా కనిపించింది. మరుక్షణమే కొత్త లైను పడింది.

'చూస్తున్నా.'

నజీమాకు అప్పుడు తట్టింది. బెంజిమిన్ వేషం సంగతి తెలిసింది చీఫ్‌కీ, తనకీ, లిఖితకీ మాత్రమే.

'గేటు దాటింది. రాయి.'

నజీమా గిరుక్కున తిరిగింది. చేతిలో పిస్టల్.

"ఫోన్ కింద పడెయ్!"

లిఖిత నవ్వింది. "చానా లేటయిందక్కా." వేలు కీబోర్డు మీదికి దిగింది.

పిస్టల్ పేలింది.

ఫోన్ జారి నేలమీద పడింది. 'కో' దగ్గరే ఆగిపోయింది మాట. లిఖిత మళ్లీ కదల్లేదు. నజీమా వెంటనే చీఫ్‌కు ఫోన్ చేసింది. "కారులో వాళ్లను దించెయ్యండి సార్. కింద బాంబుంది."

హనుమంతరావు ప్రాణాలతో కోర్టు మెట్లెక్కాడన్న కబురు వచ్చాకే ఆమె కుర్చీలో కూలబడింది. బెంజిమిన్ కోసం అప్పుడు ఏడ్చింది.

లాడ్జి యజమాని యల్లమంద తలుపు బాదాడు. "ఏందమ్మా ఆ చప్పుడు?"

"ఏసీ పేలింది బాబాయ్."

తలుపు మీద బాదుడు ఆగింది.

"మన లాడ్జిలో ఏసీ ఏడుందమ్మా?"