పచ్చలైటు పడ్డా కదలని జోస్యంగారు

పచ్చలైటు పడింది. కారు కదల్లేదు. వెనకనుంచి హారన్లు చెవులకి చిల్లులు పొడుస్తున్నాయి.

"పోనివ్వండి మహానుభావా! ముహూర్తం చూసుకుంటున్నారా?" అంది పక్క సీట్లో కూర్చున్న ఆమె.

"అటునుంచి వచ్చే స్కూటర్ ఆగుతుందో లేదో అంచనా వేస్తున్నానండీ."

"మీరు అంచనా వేసేలోపు మళ్ళీ ఎర్రలైటు పడుతుంది."

పడింది కూడా.

ఆమె డ్రైవింగ్ స్కూలు టీచరు. తండ్రి పెట్టిన స్కూలు. ఆయన ఒంట్లో బాగోక ఇంటిపట్టునే ఉంటుంటే తనే నడుపుతోంది. ఆ కారుకి టీచరు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. మిగతా వాళ్ళ దగ్గర ఆమె కాలు ఎప్పుడో ఒకప్పుడు దానిమీదకు పోతుంది. ఇతని దగ్గర మాత్రం దిగేదాకా అక్కడే కాపురం.

ఇతగాడు క్యాన్సర్ ఆసుపత్రిలో లెక్కల మనిషి. ఏ రోగికి మందు పనిచేస్తుందో ముందే చెప్పడం అతని ఉద్యోగం. అందుకే వచ్చిన వారంలోనే 'జోస్యంగారు' అని పేరు పెట్టేసింది.

"జోస్యం కాదండీ, సైన్సు," అన్నాడు ఉక్రోషంగా. "మూత్రాశయం క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ అని ఒకటుంది. ఒంట్లో కాపలావాళ్ళు నిద్రపోతుంటే తట్టి లేపే మందు. కొందరిలో లేస్తారు, చాలామందిలో లేవరు. గడ్డలోంచి తీసిన చిన్న ముక్కని కంప్యూటర్లో చూసి, ఎవరిలో లేస్తారో ముందే పసిగట్టాలని మా తంటాలు. ఇంకా పరీక్షల్లోనే ఉంది. మా అంచనాకి సీలు వేసేస్తాం. స్కాన్ వచ్చేదాకా డాక్టర్లకి కూడా చూపించం."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"మా నాన్నకి అదేనండీ. సోమవారమే సెలైన్‌లో మొదటి డోసు ఎక్కిస్తారు. మీ ఆసుపత్రిలోనే. మీ స్టడీకి ఒప్పుకున్నారు కూడా."

అతని మొహంలో రంగు మారింది. "ఈ సోమవారమా? ఆ రోజు మందు మొదలుపెట్టేది ఒక్కరే..." అంటూ సగంలో ఆగి, కారుని రోడ్డు పక్కకి తీశాడు. మొట్టమొదటిసారి సరిగ్గా ఆపాడు. మెచ్చుకునేలోపే దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. 'కొన్నాళ్ళు క్లాసులకి రాలేనండీ. ఏమీ అడక్కండి. క్షమించండి.'

క్షమించడం దేనికి? అంటే నాన్న ముక్క చూశాడన్నమాట. బాగాలేదన్నమాట.

దానికి తోడు, పైకి చెప్పుకోలేని దిగులు ఇంకొకటి. పొద్దుటి క్లాసులో అతని సీటు ఖాళీగా ఉంటే రోజంతా ఏదో వెలితి. జోస్యంగారంటే తనకెంత ఇష్టమో అతను రావడం మానేశాకే తెలిసొచ్చింది.

మూడో సెలైన్ నాడు ఆసుపత్రి వరండాలో ఎదురుపడ్డాడు. ఆమెను చూశాడు, నోరు తెరిచాడు, మూసుకున్నాడు, గిరుక్కున తిరిగి మెట్లెక్కేశాడు. సీలు వేసి దాచిన మాట అతని వీపు చెప్పేసినట్టయింది.

ఆ రోజునుంచి ఆమె తండ్రితో పోట్లాడటం మానేసింది. టీవీ గట్టిగా పెట్టినా ఊరుకుంది. తడి తువ్వాలు మంచం మీద పడేసినా ఊరుకుంది. చివరికి ఆయనే టీవీ కట్టేశాడు.

"అమ్మలూ, నామీద కేకలెయ్యడం ఎందుకు మానేశావు?"

"ఏం లేదు నాన్నా."

"నాకు తెలియనిది నీకేమైనా తెలిసిందా?"

"నాకేం తెలుస్తుంది?" అని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

స్కాన్ చూపించే రోజు బయట జోరున వాన. పెద్ద డాక్టరమ్మ స్క్రీను చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆమె తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గడ్డ సగానికి పైగా తగ్గింది. పూర్తిగా పోలేదు, మందు ఆపడానికి లేదు. కానీ పనిచేస్తోంది. సీలు విప్పి చూస్తే మీలాంటివాళ్ళు పదిమందిలో ముగ్గురికే పనిచేస్తుందని ఉంది. ఆ ముగ్గురిలో పడ్డారు మీరు."

తండ్రి హమ్మయ్య అనుకున్నాడు. కూతురు మాత్రం భోరుమంది.

"మరి ఆయనెందుకండీ నాకు మొహం చాటేశారు?"

"ఎవరమ్మా?"

"మీ లెక్కలాయన. నాన్న ముక్క చూసి, ఇక లాభం లేదని తెలిసి తప్పించుకుంటున్నారనుకున్నా."

డాక్టరమ్మ నవ్వింది. "అతను చూడనేలేదు తల్లీ. ముక్క ఎవరిదో తెలిస్తే దాన్ని ముట్టుకోకూడదు, స్కాన్ వచ్చేదాకా ఆ ఇంటివాళ్ళతో మాట్లాడకూడదు. మా రూలు అది. 'దీన్ని ఇంకొకరికి ఇవ్వండి, నాకు చెయ్యి ఆడదు' అన్నాడు. వాళ్ళేమైనా బంధువులా అనడిగాను. 'ఇంకా కాలేదండీ' అన్నాడు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి తాపీగా కూతురివైపు తిరిగాడు. "ఇంకా కాలేదటా?"

బయట వాళ్ళ కారు పక్కన, చేతిలో గొడుగు ఉన్నా తెరవడం మర్చిపోయి, తడిసి ముద్దయి నిలబడ్డాడు జోస్యంగారు.

"ఏమొచ్చిందండీ?" ఇన్నాళ్ళూ తను పడ్డ భయమే ఆమెకి అతని కళ్ళల్లో కనబడింది.

"పనిచేసింది."

అతను కారు మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఒక్క మాట చెప్పి పోతే మీ సొమ్మేం పోయింది? నా ప్రాణాలు తోడేశారు!"

"ఏం చెప్పినా మీరు నా మొహం చదివేస్తారని భయమేసిందండీ. నాకే ఏమీ తెలియదాయె." కాస్త తటపటాయించాడు. "ఒక్కటి మాత్రం తెలుసు. మీరంటే నాకు ఇష్టం. ఇది అంచనా కాదు."

"ఆ ముక్క నాకు డాక్టరమ్మ ముందే చెప్పేశారు," అంది కళ్ళు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక. "నాకూ అంతే. ఇక ఎక్కండి. ఇన్ని క్లాసులు ఎగ్గొట్టారు, మీరే నడపాలి."

తండ్రి వెనక సీట్లో సర్దుకున్నాడు. వానలో మెల్లగా మలుపు దాకా వచ్చారు. పచ్చలైటు పడింది. అతను అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ అటు చూశాడు. ఆమె కాలు బ్రేకు మీద లేదు.

"ఇంకా లెక్కలేమిటి?" అన్నాడు వెనకనుంచి తండ్రి. "పోనియ్యి అల్లుడూ!"

కారు ఒక్క కుదుపు కుదిపి, నడిరోడ్డు మీద ఆగిపోయింది.