పెంటగుంటలో శాంపిల్

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. కొల్లేటి గట్టున రొయ్యల చెరువు చేసే జ్ఞానయ్య, అతని భార్య పుష్పమ్మ, పట్టుచీరలో సెంటు గుబాళిస్తూ వచ్చిన, రొయ్యపిల్లలమ్మే సీడ్ కంపెనీ కన్సల్టెంట్ జ్యోత్స్న. నాలుగో మనిషి, ఫిషరీస్ ఆఫీసు మేడమ్ వేషంలో ఉన్న ఏజెంట్ షారోన్. కోడ్ నేమ్ గూడబాతు.

ముందురోజు ఏలూరు స్టేషన్‌లో చీఫ్ క్లుప్తంగా చెప్పాడు.

"విదేశీ ముఠా. తాడేపల్లిగూడెం షెడ్డులో రొయ్యపిల్లలున్నాయి. వాటికి ల్యాబ్‌లో తయారైన వైరస్ ఎక్కించారని అనుమానం. రేపు సాయంత్రం లారీలు కొల్లేరంతా పంచేస్తాయి. చెరువులు చచ్చాక మందు అమ్ముతారు."

"రోగమూ వాళ్లదే, మందూ వాళ్లదే. ఛీ!"

"ఛీ అంటే కోర్టు వినదు షారోన్. ప్రూఫ్ కావాలి. జ్ఞానయ్య చెరువులో ట్రయల్‌గా ఆ పిల్లల్నే వేశారు, రొయ్యలు చస్తున్నాయి. చచ్చినదాంట్లో వైరస్ సీక్వెన్స్, అదే, జన్యు అక్షరాల వరస తియ్యి. ముఠా వైరస్ సీసా ఒకటి చెన్నై పోర్టులో దొరికింది. దాని సీక్వెన్స్‌తో పోల్చు. ముఠా సీడ్ కంపెనీలో ఉన్న జ్యోత్స్న మన మనిషే."

శాంపిల్ తీసి ఉంచమని పొద్దున్నే కబురు పెట్టింది షారోన్. పుష్పమ్మ నవ్వుతూ స్టీలు గిన్నె తెచ్చింది. మూత తీస్తే, ఒలిచి ఉప్పూ పసుపూ పట్టించిన రొయ్యలు!

"ఇదేంటండీ?"

"నల్లబడి చచ్చినవి పారేసి, మంచివి ఏరానండి. శాంపిలంటే ఆఫీసరుగార్లందరూ కూరకేగదండీ పట్టుకెళ్లేది!"

షారోన్‌కి ఒళ్లు కంపరమెత్తింది. పుష్పమ్మ మీద కాదు, ఇన్నేళ్లూ ఆ గిన్నెలు మోసుకెళ్లిన వాళ్లమీద.

"పారేసినవి ఎక్కడండీ?"

"దొడ్లో పెంటగుంటలోనండి. పేడా, కోడిపేగులూ అన్నీ అందులోనే."

జ్యోత్స్న ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. "అబ్బ, ఏం కంపండీ! కిరోసిన్ పోసి తగలబెట్టెయ్యండి జ్ఞానయ్యగారూ."

షారోన్ ఉలిక్కిపడింది. మన మనిషైతే సాక్ష్యాన్ని తగలబెట్టమంటుందా? డబుల్ ఏజెంట్!

జ్ఞానయ్య కిరోసిన్ డబ్బా తెచ్చేలోగా షారోన్ గుంటలోకి దూకింది. మోచేతుల దాకా ముంచి వెతికింది. వేళ్ల సందుల్లో పురుగులు లుకలుకలాడాయి. ఎట్టకేలకు ఒక నల్లరొయ్య చేతికి తగిలింది.

"రండి జ్యోత్స్నగారూ, లాక్కోండి!"

జ్యోత్స్న ఒక అడుగు ముందుకేసింది. గుంట వంక చూసింది. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనక్కి తగ్గింది. సెల్ తీసి, "సాయంత్రం దాకా ఆగద్దు, లారీలు తియ్యండి!" అని అరుస్తూ కారెక్కేసింది.

షారోన్ నల్లరొయ్యను తన డబ్బాలో వేసుకుని ఆటో ఎక్కింది. ఆ డబ్బా చూడ్డానికి టిఫిన్ క్యారియర్, నిజానికి చిన్న ల్యాబ్. కింది గిన్నె వైరస్ జీన్‌కి కోట్ల కాపీలు తీస్తుంది, పై గిన్నె వాటి అక్షరాలు చదువుతుంది. ఆటో ఏలూరు చేరేసరికి A, T, G, Cల వరస తయారైంది.

"మేడమ్‌గారూ, కస్టమర్లు లేచిపోతున్నారండీ!" ముక్కు మూసుకుని మొత్తుకున్నాడు నెట్ సెంటర్ బుచ్చిబాబు.

ఆమె వినిపించుకోలేదు. లోకంలోని జన్యు వరసలన్నీ దాచే జెన్‌బ్యాంక్ సైటు తెరిచి, తన వరసను పోలికలు వెతికే బ్లాస్ట్‌లో వేసింది. నెట్ నత్తలా పాకింది. సహజ వైరస్‌లతో పోలిక తొంభై ఒక్క శాతమే. మెడలో సిలువ లాకెట్ విప్పితే పెన్‌డ్రైవ్. అందులో చెన్నై సీసా సీక్వెన్స్. రెండూ పక్కపక్కన పెట్టింది. ఒక్క అక్షరం తేడా లేదు! ప్రోటీన్‌గా మార్చి చూసింది. ఏ సహజ వైరస్‌లోనూ లేని ముక్క ఒకటి, రెండింట్లోనూ ఒకేచోట అతికించి ఉంది. మనిషి చేసిన పాడు పని.

"మ్యాచ్!" ఫోన్‌లో చీఫ్‌కి అరిచి చెప్పింది.

మొదటి లారీ ముందు చక్రాలు షెడ్డు దాటుతుండగా పోలీసులు గేటు మూసేశారు. జ్యోత్స్న తాడేపల్లిగూడెం స్టేషన్‌లో రైలెక్కబోతూ దొరికింది.

ఆ కబురు చెప్పడానికి షారోన్ జ్ఞానయ్య గుమ్మం ముందు నిలబడింది.

"కొల్లేటిని కాపాడారండీ! మీ మేలు మర్చిపోమండి," అంది పుష్పమ్మ, కొంగుతో ముక్కు గట్టిగా మూసుకుని. లోపల్నుంచి ఘుమఘుమలు వస్తున్నాయి. "మీ శాంపిల్ వేపేశానండి. దొడ్లో నీళ్లు తోడి పెట్టాను, స్నానం చేసొచ్చాక తిందురుగాని."

తలుపు వేసేసింది.