ఫిడేలు మిగిలింది, పాట పోయింది

మధ్యాహ్నం రెండింటికి డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకొచ్చిన అమ్మాయి కూర్చోకుండానే ఫోను బల్ల మీద పెట్టింది.

"మా అమ్మమ్మ గొంతు మాయమైందండీ. సాయంత్రం ఐదింటికి ఫంక్షన్ హాల్లో ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజు."

అసిస్టెంటు నవ్వాపుకున్నాడు. డిటెక్టివ్ మాత్రం అప్పుడే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ఆవిడకి చిన్న కేసంటూ ఉండదని అతనికి తెలుసు.

దారిలో అమ్మాయి సంగతంతా చెప్పింది. అమ్మమ్మ పాడిన పాట యాభై ఏళ్ళ నాటి టేపులో ఒక్కటే ఉంది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ పాడలేదు. తన గొంతు తనకే గుర్తు లేదంటుంది. దాన్ని వినిపించాలని అమ్మాయి టేపును కంప్యూటర్లోకి, ఎడమ కుడి శబ్దాలు విడివిడిగా ఉండే స్టీరియో ఫైలుగా ఎక్కించింది. హాల్లో స్పీకరు ఒక్కటే కావడంతో, ఆమె బావ రెండు వైపులనీ ఒకటిగా కలిపి ఎంపీత్రీగా మార్చాడు. అంతే, పాట చీమ గుసగుసైపోయింది. వాల్యూమ్ పెంచితే ఫిడేలు చెవులకి చిల్లులు పొడిచింది.

ఇంటి దగ్గర బావ దిగాలుగా ఉన్నాడు.

"మూడుసార్లు మార్చానండీ. మా మరదలు నన్ను దొంగని చేసి, కాఫీ కూడా ఆపించింది."

"పాట దొరికాక ఇస్తాలే బావా," అంది మరదలు.

డిటెక్టివ్ ముందు అసలు ఫైలు వింది. ఇయర్‌ఫోను ఒక చెవిలోదే పెట్టుకుంటే పాట గట్టిగానే ఉంది. రెండో చెవిలోనూ అంతే. ఎంపీత్రీలో మాత్రం ఫిడేలొక్కటే మోగింది.

"వాల్యూమ్ తగ్గితే ఫిడేలూ తగ్గాలి కదా," అని గొణిగి, అప్పట్లో ఆ పాట రికార్డు చేసిన తాతయ్య వైపు తిరిగింది.

రేడియోలు బాగుచేసిన తాతయ్య ఛాతీ విరుచుకున్నాడు. రెండు మైకుల వైర్లూ తనే అతికాడట. భార్యని సరిగ్గా నడిమధ్య నిలబెట్టి, ఫిడేలాయన్ని ఎడమ మైకు పక్కనే కూర్చోబెట్టాడట. మైకులు ఇంకా భద్రంగా ఉన్నాయి. డిటెక్టివ్ స్క్రూడ్రైవర్ అడిగింది.

నాలుగింటికి అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టింది. అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ చివర్లో వచ్చింది.

"నేరం జరిగింది నిన్న కాదు, యాభై ఏళ్ళ క్రితం," అంది డిటెక్టివ్. " ఒక మైకులో ఎర్రవైరు ఉండాల్సిన చోట తెల్లవైరుంది. అందుకని ఒక వైపు శబ్దం పైకి లేస్తుంటే రెండో వైపు కిందికి దిగుతుంది. విడిగా వింటే తేడా తెలీదు. కలిపితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. అమ్మగారు మధ్యలో నిలబడ్డారు, రెండు మైకుల్లోనూ సమానంగా పడ్డారు. అందుకే ఆవిడే పోయారు. ఫిడేలు ఒకే మైకులో గట్టిగా పడింది, బతికిపోయింది. బావగారు నిర్దోషి."

అందరి తలలూ తాతయ్య వైపు తిరిగాయి.

"వైర్లు అతుకుతున్నప్పుడు తను పక్కగదిలో సాధన చేస్తోంది," అన్నాడాయన నేల చూస్తూ. "చెవులు రెండూ అటే ఉన్నాయి."

డిటెక్టివ్ చెప్పినట్టు బావ అసలు ఫైల్లో ఒక వైపు శబ్దాన్ని తలకిందులు చేసి, అప్పుడు కలిపాడు. మరదలు కాఫీ తెచ్చింది.

ఐదింటికి హాలంతా ఆ గొంతు నిండిపోయింది. రెండో చరణానికి అమ్మమ్మ లేచి నిలబడి, బొంగురు గొంతుతోనే పాట అందుకుంది. అసిస్టెంటుకి చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రబడ్డాయి.

పాట అయ్యాక ఆవిడ డిటెక్టివ్‌ని దగ్గరికి పిలిచింది.

"మా ఇంట్లో నా మాట నొక్కేస్తున్నది ఈయనేనని యాభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నా తల్లీ. ఇన్నాళ్ళకి సాక్ష్యం దొరికింది."

తాతయ్య వినయంగా ఆవిడ చేతికి మైకందించాడు.