దిక్కులమ్మ చూపు

ఆనెగిరి కోట చుట్టూ నలభై రోజులుగా శత్రువుల గుడారాలు పరుచుకొని ఉండగా, లోపలి పౌరులు ప్రతి ఉదయమూ ఆకలి మరిచి దిక్కులమ్మ గుడి ముందు గుమిగూడేవారు. నల్లరాతి ఆ దేవత తనంత తానే తిరిగి, ఆపద వచ్చే వైపు ముఖం పెడుతుందని వారి నమ్మకం. ఆమె చూసిన వైపుకే సైన్యం నడిచేది. ఆమెను తాకిన చేతిని నరికివేయడం తాతలనాటి కట్టడి.

ఆనాడు అమ్మవారు తూర్పు చూస్తున్నది. సేనాపతి గుండయనాయకుడు మాత్రం శత్రువులు పడమట నిచ్చెనలు బిగించడం కళ్ళారా చూసి, గుడి ముందున్న రాజు దగ్గరికి వచ్చాడు.

"మహాప్రభూ! పడమటి గోడ కింద నేతగాళ్ళ ఇళ్ళున్నాయి, పసిపిల్లలున్నారు. సైన్యాన్ని అటు పంపండి. అమ్మవారి పీఠం కింద ఆముదం తడి చూశాను. ఆమె తిరగడం లేదు, ఎవరో తిప్పుతున్నారు."

"రుజువేదీ నాయకా?" అన్నాడు కొమ్మన మంత్రి. శత్రువు పంపిన ముత్యాలహారం అప్పటికే ఆయన పెట్టెలో ఉన్నది.

గుండయ గర్భగుడిలోకి నడిచి ఒక్క వేలితో విగ్రహాన్ని నెట్టాడు. అంత రాయీ చప్పుడైనా లేకుండా పడమటికి తిరిగింది. జనం హాహాకారాలు చేశారు.

"చూశారా ప్రభూ!"

"చూశాం," అన్నాడు మంత్రి. "నిన్ను చూడలేక తల్లి మొహం తిప్పుకున్నది."

రాజు సోమవర్మ గుండయ కుడిచేతిని చూశాడు. "నాయకా, నాకు విల్లు పట్టడం నేర్పిన చేయి అది. కానీ కట్టడి దాటలేను."

"చేయి తీసుకోండి ప్రభూ. పడమటికి సైన్యాన్నివ్వండి."

రాజు చేయి తీసుకున్నాడు, సైన్యాన్నివ్వలేదు. పూజారి పాలతో శుద్ధిచేసి, పట్టుగుడ్డ అడ్డుపెట్టి విగ్రహాన్ని మళ్ళీ తూర్పుకు తిప్పాడు. అదెంత తేలిగ్గా తిరిగిందో చూడవలసిన వారందరూ కళ్ళు మూసుకొని మొక్కుతున్నారు.

మధ్యాహ్నానికి పడమటి గోడ మీద శత్రువులు కనిపించారు. గుండయ ఎడమచేత కత్తి పట్టి, తనను విడువని డెబ్బైమందితో ఇరుకు సందుకు అడ్డం నిలిచాడు. నేతగాళ్ళ ఆడవాళ్ళు బిడ్డలను చంకనెత్తుకొని ఉత్తరపు వాగులోకి దిగేదాకా నిలిచాడు. ఆ తరువాత పడిపోయాడు, మళ్ళీ లేవలేదు.

తూర్పు గోడ మీద వేలమంది సైనికులు శత్రువుల ఖాళీ గుడారాలను చూస్తూ ఉండగానే కోట పోయింది.

సోమవర్మ గుడిలోకి పరుగెత్తాడు. "అమ్మా! ఇటు చూడు, పడమర చూడు!" అంటూ రెండు చేతులా విగ్రహాన్ని పీఠం దగ్గర పట్టి నెట్టాడు. ఆమె పడమటికి తిరిగింది. అక్కడా ఆగక ఉత్తరానికి, తూర్పుకు, దక్షిణానికి, అతడు నెట్టినంతసేపూ తిరుగుతూనే ఉన్నది.

రాజు అరచేతులు ఆముదం వాసన వేశాయి. వాటిని నరకడానికి కోటలో ఎవరూ మిగలలేదు.