ఒకే గంపలో నలభై ఇళ్ళ చోడి

"రేపు ఉదయం పదింటికి ఒక పంటను చంపబోతున్నారు. ఆపాల్సింది నువ్వు," అన్నాడు చీఫ్ వరహాలరావు, పాడేరు బస్టాండు పక్కన ఆపిన జీపులో పకోడీ నములుతూ.

ఏజెంట్ రోనాల్డ్‌కి హత్యలు కొత్త కాదు. హతమయ్యేది చోడిగింజ కావడమే కొత్త. నెలరోజులుగా కాఫీ వేపారి వేషంలో అతను తిరుగుతున్నది ఆ గింజ కోసమే.

పెదబయలు అవతల, కొండ మీది నలభై గడపల ఊళ్ళో తప్ప నల్లచోడి అనే ఆ రాగిరకం ఇంకెక్కడా లేదు. అందరూ వదిలేసిన ఆ విత్తనాన్ని అచ్చియమ్మ అనే ముసలామె పిడికెడుతో మొదలెట్టి, ఆరేళ్ళలో ఊరంతా పండించింది. అరకులోయలో ఒక చిన్న డిస్టిలరీ దాన్ని మొలకకట్టి విస్కీ దించితే విదేశీ టేస్టర్లు కళ్ళు మూసుకుని మరీ మెచ్చుకున్నారు. 'కాస్క్' అనే విదేశీ ముఠాకి కన్ను కుట్టింది. కొంత విత్తనం దొంగిలించింది. ఇక్కడిది చచ్చిపోతే ఆ విస్కీకి మొత్తం లోకంలో వాళ్ళే దిక్కు.

"రేపు విత్తనాల పండగ. ఇంటింటి విత్తనం ఒకే గంపలో కలిపి, తిరిగి ఇంటింటికీ పంచుతారు. గంప పోతే ఊరు పోయినట్టే. ముఠాలో మన మనిషి రమ్య ఉంది. ఆమె చెప్పినట్టు చెయ్యి."

మర్నాడు ఊరి మొదట్లో కలిసింది రమ్య. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, గాలికంటే ముందొచ్చే సెంటు.

"పొగమంచు దిగిందా?"

"గ్లాసులోకి దిగింది."

కోడ్ కలిసింది. ఆమె లిప్‌స్టిక్ గొట్టం ఒకటి అతని చేతిలో పెట్టింది. "విత్తనంలో ఫంగస్ కలిపేశారు. ఇందులోది యాంటిడోట్ పొడి. పంచేలోపు గంపలో చల్లండి. నన్ను దగ్గరికి రానివ్వరు, మీరైతే తెలిసిన మనిషి."

"విషం కాదుగా?"

"పసిపిల్లలు నాకినా ఏమీ కాదు."

పదికి నాలుగు నిమిషాలు. డప్పులు జోరందుకున్నాయి. పూజారి సోంబరు గంప ముందు కూర్చున్నాడు. రోనాల్డ్ జనంలోంచి జరిగి, గొట్టం మూత తీసి, గంప మీదికి చెయ్యి చాచాడు.

మణికట్టు మీద ఎండిన చెయ్యొకటి పడింది. అచ్చియమ్మ.

"ఏటి సేత్తన్నావు, నాయినా?"

"మందమ్మా. తెగులు పట్టకుండా."

"మంచిదే. ముందు నువ్వు నోట్లో ఏసుకో."

"నేనా?"

"బూమి నోట్లో ఏసేది ముందు మన నోట్లో ఏసుకోవాల. నా మొగుడు యూరియా తెచ్చినప్పుడూ అదే సెప్పినాను. బస్తా తిరిగి అట్టుకుపోయాడు."

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొణిగాడు. "టైం లేదోయ్. బేగి కానీ."

రోనాల్డ్ పొడి అరచేతిలో ఒంపుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు.

మూడంగల్లో వచ్చి పడింది రమ్య. చెయ్యి ఎగరగొట్టింది. పొడి రాతి మీద చిమ్మింది.

"తినకండి." మెల్లగా అంది.

డప్పులు ఆగిపోయాయి. రోనాల్డ్ ఆమె పాలిపోయిన ముఖం చూశాడు. "మరి ఫంగస్?"

"లేదు. గంప శుభ్రంగానే ఉంది."

అతను చేతిలోని గొట్టం వైపు చూశాడు. ఊరి మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క విషం ఆ గొట్టంలోదే. ముఠా మనిషి రమ్య ఇస్తే, దాన్ని గంప దాకా మోసుకొచ్చింది తనే.

బేడీలు వేస్తూ అడిగాడు. "నోరు మూసుకునుంటే, ఈ గొడవలో జారుకునేదానివిగా?"

"మీరు చచ్చిపోయేవారు," అంది రమ్య, ఎటో చూస్తూ.

సోంబరు చేటల్లోకి విత్తనం పంచడం మొదలెట్టాడు. జీపెక్కుతున్న పట్టుచీరను అచ్చియమ్మ కాసేపు చూసింది.

"గుంట మంచి పిల్లే, నాయినా. దాని ఉజ్జోగమే సెడ్డది."