పన్నెండో అంతస్తు మీద కరిసల్ మన్ను

పొద్దున్నే కాఫీ తాగి, తలకు తువ్వాలు చుట్టుకుని వెంకటసామి చేనికి బయలుదేరాడు. చేనంటే ఎంతో దూరం లేదు, లిఫ్టెక్కి పైకి పోవడమే. తుడియలూరులో కొడుకు ఉండే ఆ పన్నెండంతస్తుల భవనం మీద నీళ్ళ ట్యాంకు గది ఉంది. దాని కప్పు మీద, మదురై అవతలి సొంత చేనినుంచి మూటలు మూటలుగా తెచ్చిన కరిసల్ అనే నల్లమట్టి పరిచి, పోయిన వానలయ్యాక వంగ, మిరప నాటాడు. పట్నంలో ఉండడానికి పెద్దాయన పెట్టిన షరతు అదొక్కటే.

మూడు రోజులుగా మాత్రం మూతి ముడుచుకునే ఉన్నాడు. కారణం కోడలు కలైసెల్వి. భూకంపం వస్తే ఎత్తైన భవనాలు ఏమాత్రం తట్టుకుంటాయో లెక్కగట్టే ఇంజనీరు ఆమె. ఇరుగుపొరుగు ఫ్లాట్లవాళ్ళు ఈ భవనాన్నీ చూసిపెట్టమన్నారు. భూమి కదిలితే అన్నిటికన్నా ఎక్కువ ఊగేది పైకొసే కాబట్టి, అక్కడి మట్టి తీసేయాల్సి రావచ్చని ఆమె నోరు జారింది.

"ఆ మన్ను పోతే నేనెవుర్ని?" అంటూ ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. "ఈడ అందరికీ పన్నెండు-బి తాతను. ఆ పైన నిలబడితేనే నేను సంసారిని."

వాళ్ళ ఊళ్ళో సంసారి అంటే సేద్యం చేసేవాడు. అంతకు మించిన బిరుదు ఆయనకు తెలియదు.

నాలుగో రోజు ఇడ్లీలు వడ్డిస్తున్న కలైసెల్వి ముఖం వెలిగిపోతోంది.

"మామా, మన్ను ఉండొచ్చు! పుస్తకంలో తోటమన్నుకు ఉండే బరువే వేసినా. వానకని కొంచం ఎక్కువే చేర్చినా. ట్యాంకు గది నాలుగు కంబాలు తాంగుతాయి, ఆ బరువు మోస్తాయి."

"నా తల్లే!" అని అత్త కన్నమ్మాళ్ కోడలికే రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టింది.

వెంకటసామి కంచం పక్కకు జరిపాడు. గమ్మునుంటే తోట తనదే, ఎవరికీ తెలియదు. కానీ ఆ కప్పు కింద ఎన్ని కాపురాలున్నాయో రోజూ లిఫ్టులో చూస్తున్న మనిషి.

"అమ్మణీ, అది తోటమన్ను కాదు, కరిసల్," అన్నాడు చివరికి. "ఐప్పసి నెల వాన పడితే నీళ్ళు తాగి ఉబ్బుతాది. తట్ట ఎత్తను ఇద్దరు మొగోళ్ళు కావాల. రా, తూచి చూడు."

ఒక బకెట్టు మట్టి తూచారు. నీళ్ళు పోస్తే తాగింది. మళ్ళీ పోస్తే మళ్ళీ తాగింది. సాయంత్రం ఇంకోసారి తూస్తే బరువు ఆ కంబాలు మోసే లెక్క దాటిపోయింది. కలైసెల్వి పెన్ను పక్కన పెట్టేసింది.

"ఊరకే ఉండింటే నాకు తెలిసుండదు మామా. ఎందుకు చెప్పితిరి?" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

"నువ్వు చేవ్రాలు పెట్టే కాగితంలో తప్పుండకూడదమ్మా."

ఆదివారం భవనంలోని వాళ్ళంతా తలా ఒక చేయి వేసి మట్టిని కిందికి దింపి, ప్రహరీ పక్కన పరిచారు. రెండు వంగమొక్కలు వాడిపోయాయి, మిగిలినవి నిలదొక్కుకున్నాయి.

మరుసటి వారం లిఫ్టు పక్కన నివేదిక సారాంశాన్ని తమిళంలో అంటించారు. వెంకటసామి వేలు పెట్టి చదువుకుంటూ పోయి ఆఖరి వరుస దగ్గర ఆగిపోయాడు.

"తడిసిన నల్లమట్టి బరువు చెప్పి, లెక్క సరిదిద్దినవారు: వెంకటసామి, సంసారి."

ఆయన తువ్వాలుతో కళ్ళొత్తుకోవడం చూసి కన్నమ్మాళ్ కంగారుగా దగ్గరికి వచ్చింది.

"ఏమి రాసినారు?"

"ఏమీ లేదు," అన్నాడు వెంకటసామి. "నేనెవుర్నో రాసింది, మన కోడలు."